ఊరు సుగ్గికి పోతే ముసలోళ్ల మతి ఏమవుతుంది?

“అరవత్తక్కె అరళు మరళు” అంటుంటారు ఆదోని, కౌతాళం పక్క కన్నడం మాట్లాడే పెద్దలు. అరవై దాటితే మతి చెదురుతుందని దానర్థం. తెలుగులో మనం చాదస్తం అని పేరు పెట్టుకున్నాం. అవ్వ అడిగిందే మళ్లీ అడిగితే చాదస్తం. తాత పొద్దున తిన్న సంగతి మధ్యాహ్నానికి మరిచిపోతే చాదస్తం. ఒకసారి ఆ పేరు పెట్టేశాక ఇక ఎవరూ ఏమీ చేయనక్కరలేదు. వయసు వచ్చింది, మతి పోయింది, అంతే!

నిజంగా అంతేనా? కాదని వైద్యశాస్త్రం గట్టిగానే చెబుతోంది. వయసుతోబాటు కొంత మరుపు రావడం సహజమే. కానీ మనిషిని మనిషి గుర్తుపట్టలేని స్థితికి, సొంత ఇంటిదారి తప్పే స్థితికి తెచ్చేది వయసు ఒక్కటే కాదు. దాన్ని డాక్టర్లు డిమెన్షియా అంటారు. అది జబ్బు. ప్రపంచంలోని పరిశోధనలన్నీ పోగుచేసి చూసిన లాన్సెట్ కమిషన్ 2024లో ఒక లెక్క ఇచ్చింది. మనుషులు మార్చగలిగిన కారణాలు 14 ఉన్నాయనీ, వాటన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులు రాకుండా ఆపవచ్చు లేదా వెనక్కి జరపవచ్చుననీ చెప్పింది. ఆ 14లో రక్తపోటు, చక్కెర జబ్బు, పొగ, మందు ఉన్నాయి. ఇవి మనం ఊహించగలిగినవే. వాటి పక్కనే చదువు లేకపోవడం, చెవుడు, చూపు మందగించడం, కుంగుబాటు, నలుగురికీ దూరమై ఒంటరిగా బతకడం కూడా ఉన్నాయి. ఈ రెండో వరుసను మరొకసారి చదవండి. పడమటి కర్నూలులో కూలి చేసి ముసలైన ఏ మనిషి బతుకు చూసినా ఇదే వరుస.

తాళాలు వేసిన వీధుల్లో

పత్తి తీతలు ముగిశాక కోసిగి నుంచి మంత్రాలయం దాకా, పెద్దకడబూరు, కౌతాళం, ఆస్పరి వైపు, ఏ ఊళ్లోకి పోయినా తాళాలు వేసిన ఇళ్లే పలకరిస్తాయి. జనం మిరపకాయల కోతకు గుంటూరు పక్కకు, పత్తికి తెలంగాణకు, కట్టడం పనులకు బెంగుళూరు, హైదరాబాదులకు పోయి ఉంటారు. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న బయానా తీరాలంటే మొగుడూ పెళ్లాం ఇద్దరూ పోవాలి, వీలైతే పిల్లలూ పోవాలి. దీన్నే మన పక్క సుగ్గి అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, సంబరాల కాలం. అదే మాటకు మన దగ్గర ఊరు వదిలిపోవడం అనే అర్థం వచ్చింది. పంట చేతికొచ్చేది ఎవరికో వేరే చెప్పనక్కరలేదు.

మంత్రాలయం రోడ్డు స్టేషన్లో రైలు దిగిన యాత్రికులు మఠానికి పోతూనే ఉంటారు. తుంగభద్ర ఒడ్డున ఏడాది పొడవునా జన సందడి. అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న పల్లెల్లో మాత్రం నాలుగు నెలలపాటు పలకరించే దిక్కులేని ముసలోళ్లు మిద్దెల కింద కూర్చొని ఉంటారు. కొందరి దగ్గర మనవడో మనవరాలో ఉంటుంది. కొందరి దగ్గర ఎవరూ ఉండరు. “ఏమవ్వా, ఎట్లుండావు?” అంటే, “ఏముంది నాయనా, ఉండా. ఉగాదికి వస్తామన్యారు” అంటారు. ఆ అవ్వకు తారీఖు గుర్తు లేకపోవచ్చు, ఉగాది మాత్రం గుర్తుంటుంది.

మాట్లాడడానికి మనిషి లేకపోతే మెదడుకు ఏమవుతుంది? మాట్లాడడమంటే గాలిపోసుకోవడం కాదు. ఎదుటివాడు అన్నది వినాలి, నిన్న ఏమన్నాడో గుర్తుచేసుకోవాలి, మాట వెతుక్కోవాలి, వాడి మొగం చూసి కోపమో పరాచికమో పసిగట్టాలి. మెదడుకు ఇంతకుమించిన కసరత్తు లేదు. చేయి కట్టేసి నాలుగు నెలలు ఉంచితే కండ తగ్గుతుంది గదా, వాడకపోతే మెదడు సంగతీ అలాంటిదే. అమెరికాలో చికాగో పరిసరాల్లో 823 మంది వృద్ధులను కొన్నేళ్లు గమనించి 2007లో ప్రకటించిన అధ్యయనంలో, బాగా ఒంటరితనం అనుభవిస్తున్నామన్న వాళ్లకు, అలా లేనివాళ్లతో పోలిస్తే అల్జీమర్స్ వచ్చే ప్రమాదం రెట్టింపు కనబడింది. అయితే ఒక మాట చెప్పుకోవాలి. మతి తగ్గడం మొదలైన మనిషే నలుగురిలోంచి తప్పుకుంటాడు. కనుక ఏది ముందు, ఏది వెనుక అని విడదీయడం కష్టం. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయని అనుకోవడమే సబబు.

ఇక్కడ మనకు దగ్గరి సంగతి ఒకటుంది. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియాతో వచ్చిన 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున 4.5 సంవత్సరాలు ఆలస్యంగా మొదలైందని తేలింది. అక్షరం ముక్క రానివాళ్లలో కూడా ఈ తేడా కనబడింది. అంటే ఇది చదువు చేసిన మేలు కాదు, నాలుక చేసిన మేలు. రెండుకు మించి ఎన్ని భాషలు వచ్చినా అదనపు లాభం కనబడలేదు. వేరే దేశాల్లో జరిగిన కొన్ని పరిశీలనల్లో ఇంత తేడా రాలేదన్నదీ నిజమే.

మన ఆదోని చూడండి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రంలో కలిసినవే. ఇక్కడ పత్తి మార్కెట్టులో మూట మోసే హమాలీ కన్నడం రైతుతో కన్నడంలో, పక్క హమాలీతో ఉర్దూలో, ఇంట్లో పెళ్లాంతో తెలుగులో మాట్లాడతాడు. బడికి పోనివాడని జనాభా లెక్కల్లో నిరక్షరాస్యుల్లో వేస్తారు. వాడి మెదడు రోజుకు పదిసార్లు భాష మార్చి పనిచేసింది. అది వాడు చెమటతో కూడబెట్టుకున్న ఆస్తి. కానీ భాషకు ఎదుటి మనిషి కావాలి. హమాలీ పని మానుకొని ఇంట్లో కూర్చుంటే కన్నడం పోతుంది, ఉర్దూ పోతుంది. సుగ్గికి కొడుకూ కోడలూ పోతే తెలుగు కూడా వారానికి నాలుగు మాటలకు తగ్గుతుంది.

ఎమ్మిగనూరు నేతగాళ్ల సంగతి కూడా ఇలాంటిదే. 1938లో మాచాని సోమప్ప చొరవతో చేనేత సహకార సంఘం ఏర్పడిన ఊరది. చేనేత ఇంట్లో మగ్గం ఒక్కరిది కాదు. నేసేది ఒకరైతే, నూలు తోడేది ఒకరు, కండెలు చుట్టేది ఒకరు. కాళ్లు ఆడని అవ్వ కూడా రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతూ, ఇంట్లో నడిచే ప్రతి మాటలోనూ ఒక మాట వేసేది. కూలి గిట్టక మగ్గాలు మూలపడ్డాక అవ్వకు పని పోయింది. దాంతోబాటు ఇంటి మధ్యన ఉన్న చోటూ పోయింది. ఇప్పుడామె మంచం గోడ పక్కకు జరిగింది. రాబడి పోయిన సంగతి అందరూ రాస్తారు, ఈ చోటు పోయిన సంగతి ఎవరూ లెక్కగట్టరు.

దిగులు మెదడును తినే తీరు

మామూలు దిగులు మనిషిని చంపదు. పాము కనబడితే గుండె దడ పుడుతుంది, పరిగెత్తుతాం, అయిపోతుంది. ఆ సమయంలో ఒంట్లో కార్టిసాల్ అనే రసం ఊరుతుంది, అది మేలే చేస్తుంది. కానీ పాము రోజూ ఇంట్లోనే ఉంటే? అప్పు అలాంటి పాము. కొడుకు తీసుకున్న బయానా, బ్యాంకులో తాకట్టుపెట్టిన బంగారం, మనవరాలి పెళ్లి, లారీలో పోయినవాళ్లు క్షేమంగా చేరారో లేదో అన్న బెంగ, ఇవి రాత్రింబవళ్లు కొనసాగితే ఆ రసం తగ్గవలసినప్పుడు తగ్గదు. మెదడులో కొత్త సంగతులను గుర్తుపెట్టే భాగం ఒకటుంది, దాన్ని హిప్పోకాంపస్ అంటారు. దీర్ఘకాలం ఈ ఒత్తిడి తగిలితే మొదట దెబ్బతినేవాటిలో అదొకటి. నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. రక్తపోటు మళ్లీ మెదడు రక్తనాళాలను దెబ్బతీస్తుంది.

అప్పు మనిషి బుద్ధిని ఎలా మందగింపజేస్తుందో తమిళనాడు చెరకు రైతుల మీద ఒక పరిశీలన జరిగింది. 464 మంది రైతులను కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడొకసారి, కోత తర్వాత డబ్బు వచ్చాక ఇంకోసారి అవే రకం పరీక్షలు పెట్టి చూశారు. కోతకు ముందు అదే రైతు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. 2013లో ఇది ప్రకటించారు. లెక్కలు కట్టిన తీరు మీద కొందరు పండితులు వాదించారు గానీ, చేతిలో పైస లేనప్పుడు తల పనిచేయదని చెప్పడానికి మన రైతుకు పండితుడక్కరలేదు. పేదవాడికి తెలివి తక్కువ కాబట్టి పేదవాడయ్యాడనే పెద్దమనుషులు మాత్రం ఈ పరీక్ష ఫలితం చదవాలి. మనిషి మారలేదు, మారింది జేబు.

దీర్ఘకాల దిగులు కుంగుబాటుగా మారితే అది అచ్చం మతిమరుపు జబ్బులాగే కనబడుతుంది. మాట తగ్గుతుంది, తిండి మీద ధ్యాస పోతుంది, అడిగినదానికి “ఏమో, తెల్దు” అంటారు. ఇంట్లోవాళ్లు ముసలితనమని వదిలేస్తారు. ఇది మందుకు, మాటకు లొంగే జబ్బు. అలాగే బి12 విటమిను లోపం, థైరాయిడు జబ్బు కూడా మతిని మందగింపజేస్తాయి, వాటికీ మందులున్నాయి. ఇంకొకటి ఎండాకాలంలో తప్పక గుర్తుంచుకోవలసింది. నిన్నటిదాకా బాగున్న తాత ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో తిక్కతిక్కగా మాట్లాడుతుంటే అది చాదస్తం కాదు. జ్వరమో, వడదెబ్బో, ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గడమో, మూత్రంలో చీమో కారణం కావచ్చు. అది ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోవలసిన సంగతి. తీసుకుపోయే కొడుకు అప్పటికి గుంటూరు పక్క మిరప తోటలో ఉంటాడు, అదీ కష్టం.

రచ్చకట్ట అందరిదీ కాదు

ముసలోళ్లు ఒంటరిగా ఉండకుండా రచ్చకట్ట మీద కూర్చోవాలని సలహా ఇవ్వడం తేలిక. రచ్చకట్ట బండల మీద పులిజూదం గీతలు గీసి ఉంటాయి. ఆ ఆట మెదడుకు మంచిదే. న్యూయార్కులో 75 ఏళ్లు దాటిన 469 మందిని గమనించి 2003లో చెప్పినదాని ప్రకారం చదవడం, ఇలాంటి గళ్ల ఆటలు, వాయిద్యం వాయించడం, నాట్యం చేయడం అలవాటున్నవాళ్లకు డిమెన్షియా తక్కువగా వచ్చింది. మన భజన, కోలాటం ఆ లెక్కలోకే వస్తాయి. కానీ రచ్చకట్ట ఎక్కగలిగేది ఎవరు? చాలా ఊళ్లలో మాలమాదిగ పేటల పెద్దలకు ఆ కట్ట మీద చోటు లేదు, దూరంగా నిలబడి మాట్లాడి పోవాలి. ఆడవాళ్లకు ఏ కులమైనా చోటు లేదు.

మరి ఆడ కూలీకి సభ ఎక్కడ? చేనులో. కలుపు తీసే గుంపులో పదిమంది ఒక వరుసన వంగి పోతుంటే, కోడలి తగవు నుంచి పంచాయతీ ఎన్నిక దాకా అన్నీ అక్కడే తేలుతాయి. సద్ది విప్పినప్పుడు జొన్నరొట్టెతోబాటు మాట కూడా పంచుకుంటారు. నడుము పడిపోయి ఆమె పనికి పోలేని రోజు కూలి ఒక్కటే పోదు, ఆ సభంతా పోతుంది. ఇది మగ ముసలితనానికీ ఆడ ముసలితనానికీ ఉన్న పెద్ద తేడా. 60 ఏళ్లు దాటినవాళ్ల మీద దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో డిమెన్షియా మొత్తంమీద 7.4 శాతం మందికి ఉందని అంచనా కట్టారు. మగవాళ్లలో 5.8 శాతం, ఆడవాళ్లలో 9 శాతం. పట్నాల్లో 5.3, పల్లెల్లో 8.4. పల్లె గాలి మంచిది, పల్లె ముసలోళ్లు గట్టివాళ్లు అని పట్నం రచయితలు రాసే కబుర్లకు ఈ అంకెలు కలవవు. బడికి పంపనివాళ్లలో, బీపీ చూపించుకోనివాళ్లలో, చెవులు పోయినా పట్టించుకోనివాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. 2011 జనాభా లెక్కల నాటికి కూడా పాత కర్నూలు జిల్లాలో అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఉంది. ఈ రోజు 70 ఏళ్లున్న అవ్వ బడి ఈడులో ఉన్నప్పటి సంగతి ఊహించుకోవచ్చు.

చెవుడు సంగతి విడిగా చెప్పాలి. లాన్సెట్ లెక్కలో అన్నిటికంటే ఎక్కువ వాటా ఉన్న రెండు కారణాల్లో చెవుడు ఒకటి. ఏళ్ల తరబడి జిన్నింగు మిల్లు మోతలో పనిచేసినవాళ్లకు వినికిడి ముందే పోతుంది. వినబడని మనిషికి మాట చెప్పాలంటే అరవాలి, అరవడానికి ఎవరికీ ఓపిక ఉండదు. కొడుకు ఫోన్ చేస్తాడు, ఫోన్లో మాట అందదు. “ఆ.. ఆ..” అని పెట్టేస్తుంది. కూలి డబ్బుల్లోంచి రీచార్జి చేయించిన ఆ ఫోను ఆమె ఒంటరితనాన్ని తీర్చదు. దీనికి మందు వినికిడి యంత్రమే. దారిద్య్రరేఖ కింద ఉన్న వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, చేతికర్రలు ఉచితంగా ఇవ్వడానికి కేంద్రం 2017లో వయోశ్రీ పథకం పెట్టింది. శిబిరం ఎప్పుడు, ఎక్కడ అని అడిగితే తప్ప అది మన పల్లెలకు రాదు.

చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

పెద్దల్ని పట్టించుకోని పిల్లల మీద 2007లో చట్టం చేశారు. ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకుంటే నెలకు 10,000 రూపాయల దాకా మనోవర్తి ఇప్పించవచ్చు. ఆస్తి రాయించుకొని గెంటేసినవాళ్ల విషయంలో ఈ చట్టం పనికొస్తుంది, వాడుకోవాలి కూడా. కానీ సుగ్గికి పోయిన కొడుకు మీద ఏం కేసు పెడతారు? తల్లిని వదిలి పోవాలని వాడికేమీ సరదా లేదు. తుంగభద్ర దిగువ కాలువ మన నేలమీదుగానే పోతుంది, చివరి భూములకు నీరందదన్న మొర దశాబ్దాల నాటిది. వాన పడితే పత్తి, పడకపోతే లారీ. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం కింద పని సరిగా దొరికిన చోట, కూలి సకాలంలో అందిన చోట కొందరు ఆగారు. ఆ పనుల్లో వయసు మళ్లినవాళ్లకు కూలీలకు నీళ్లిచ్చే పని, పిల్లల్ని చూసుకునే పని ఉండేది. డబ్బుకు డబ్బు, మనుషులకు మనుషులు. ముసలోళ్ల మతికి ఇంతకంటే మంచి వైద్యం ఏ ఆస్పత్రిలోనూ లేదని మా అభిప్రాయం.

పింఛను చూద్దాం. రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి 4,000 రూపాయలు. ముసలోళ్లకు ఇది పెద్ద దన్ను. సొంతంగా బీపీ మాత్ర కొనుక్కోగలగడం, మనవడి చేతిలో పది రూపాయలు పెట్టగలగడం దిగులును కొంత తగ్గిస్తుంది, ఇంట్లో మాట చెల్లేలా చేస్తుంది. కేంద్ర జాబితాలో ఉన్న 80 ఏళ్ల లోపు వృద్ధులకు కేంద్రం ఇచ్చే వాటా మాత్రం 200 రూపాయలే. 2007లోనూ అంతే. ఈ మధ్యలో సెనగపప్పు ధర ఎంత పెరిగిందో దుకాణదారుణ్ని అడగండి.

సంఘం కార్యకర్తలకు నాలుగు మాటలు. సుగ్గికి లారీలు కదిలేముందు ఊళ్లో ఒంటరిగా మిగిలేవాళ్లు ఎవరో ఒక కాగితం మీద రాసుకోండి. ఏ వీధిలో ఎవరు ఎవరిని రోజూ పలకరిస్తారో అప్పుడే మాట అనుకోండి. మధ్యాహ్నం ఒకచోట కూర్చొనే ఏర్పాటు చేస్తే, అది రచ్చకట్ట కాకుండా బడి వసారా లాంటి అందరూ ఎక్కగల చోటు కావాలి. ఆడవాళ్లు కూర్చుంటే బొరుగులు, టీతో సహా సభ వాళ్లే నడుపుతారు, మనం నేర్పనక్కరలేదు. పత్రిక చదివి వినిపించండి, వినడంతో సరిపెట్టకుండా “నువ్వేమంటావు పెద్దాయనా?” అని అడగండి. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు బీపీ, చక్కెర చూడడంతోబాటు చెవులు, కళ్లు కూడా చూపించే సంగతి మాట్లాడండి.

డాక్టరు దగ్గరకు తీసుకుపోతే ఒక చిక్కు వస్తుంది. మతి పరీక్షల్లో చాలామటుకు చదువుకున్నవాళ్లకు తయారుచేసినవి. తారీఖు చెప్పు, ఈ వాక్యం చదువు, ఈ బొమ్మ గీయి అంటారు. కలం పట్టని అవ్వ అందులో తప్పిందంటే మతి పోయిందని కాదు. 1990లలో హర్యానాలోని బల్లబ్‌గఢ్ పల్లెల్లో పరిశోధకులు ఈ సంగతి గుర్తించి, చదువురానివాళ్లకు సరిపోయే పరీక్ష తయారుచేసుకున్నారు. అందుచేత వెంట పోయేవాళ్లు డాక్టరుకు చెప్పవలసింది ఇది: ఆరు నెలల కిందట ఈమె ఏ పనులు చేసుకునేది, ఇప్పుడు ఏవి చేయలేకపోతోంది. రొట్టె కాల్చడం, దుకాణంలో చిల్లర లెక్క, బావి దారి, మనవళ్ల పేర్లు. ఇంటి మనిషి లేకపోతే ఈ వివరం పక్కింటివాళ్లకే తెలుస్తుంది. అందుకే పక్కింటివాళ్లను వెంటబెట్టుకుపోండి.

దిగులుతో నిద్రపట్టనివాళ్లు, వాళ్ల సంగతి చెప్పాలనుకునేవాళ్లు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 నుంచి నడుస్తున్న మానసిక ఆరోగ్య సలహా నంబరు అది, ఖర్చు లేదు, రాత్రయినా పలుకుతుంది. వృద్ధుల మొరలకు 14567 ఉంది. నంబర్లు రాసుకునే పుస్తకం లేని ఇంట్లో గడప పక్క గోడమీద బొగ్గుతో పెద్దగా రాసిపెట్టండి, పక్కింటి పిల్లవాడైనా చూసి నొక్కుతాడు.